పొర మీద పొర: ఛాయాచిత్రానికి కుంచె తోడు

తరతరాలుగా దాచుకున్న నలుపు తెలుపు ఛాయాచిత్రాలకు సింగపూరు వాతావరణం బద్ధశత్రువు. గాలిలో తేమ సగటున 80 శాతానికి మించి ఉండే ఈ ద్వీపంలో, బీరువాలో మూసిపెట్టిన ఆల్బముకు బూజు పట్టడానికి ఎంతో కాలం అక్కరలేదు. ఆ బూజుకు ఆహారం బొమ్మను మోసే జెలటిన్ పూతే. అమ్మమ్మ పెళ్ళినాటి ముఖంలో సగం అలా మాసిపోగా, ఆ బొమ్మను స్కాన్ చేసి కంప్యూటరు కుంచెతో దిద్దుకొనేవారు మనలో ఉన్నారు. దిద్దడం అంత కష్టం కాదు. అయితే అందులో కెమెరా చూసినదెంత, మన కుంచె కల్పించినదెంత అన్నది మనుమలకు తెలిసేదెట్లు? ఆ తేడాను నిలిపి ఉంచే సాధనాలే లేయరు, మాస్కు.

లేయరు అంటే పొర. ఛాయాచిత్రం అడుగు పొర. దానిపై గాజుపలక వంటి మరొక పొర పరచి, రంగులన్నీ ఆ పలక మీదనే వేస్తాము. పలకను తొలగిస్తే అసలు బొమ్మ చెక్కుచెదరకుండా కనబడుతుంది. మాస్కు ఆ పై పొరకు వేసిన ముసుగు. అదీ ఒక నలుపు తెలుపు బొమ్మే. తెల్లగా ఉన్నచోట పై రంగు పూర్తిగా కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట పూర్తిగా దాగుతుంది, బూడిదరంగు ఉన్నచోట రెండూ కలుస్తాయి. ఒక బిందువు వద్ద కుంచె రంగు విలువ 200, ఛాయాచిత్రం విలువ 100 అనుకుందాము. ముసుగు సగం తెరిచితే ఫలితం 150, పావు వంతు తెరిచితే 125. చీర అంచు దగ్గర రంగు కత్తిరించి అతికినట్లు కాక మెల్లగా కరిగిపోవడంలోని రహస్యం ఈ చిన్న లెక్కే.

మన కలంకారీ పనివారికి ఈ ఊహ కొత్తది కాదు. గుడ్డను నీలిమందులో ముంచేముందు, రంగు అంటకూడని భాగాలకు మైనం పూయడం వారి సంప్రదాయం. ఆ మైనమే మాస్కు. కాని నీలి పట్టిన గుడ్డ తిరిగి తెల్లబడదు. కంప్యూటరులోనో, నల్లకుంచెతో దాచినదానిని తెల్లకుంచెతో ఎన్నిసార్లయినా బయటికి తేవచ్చు.

ఛాయాచిత్రకారులు ఈ కూర్పు కోసం ఎన్నో పాట్లు పడ్డారు. 1857లో రేలాండర్ ముప్పైకి పైగా నెగటివులను కలిపి ఒకే చిత్రం అచ్చువేశాడు. ప్రతి బిందువుతోపాటు దాని పారదర్శకతను కూడా అంకెగా దాచే ‘ఆల్ఫా’ పద్ధతిని 1970ల చివర న్యూయార్కులో ఆల్వీ రే స్మిత్, ఎడ్ కాట్మల్ రూపొందించారు. 1984లో పోర్టర్, డఫ్ పొరలను కలిపే గణితాన్ని సూత్రబద్ధం చేశారు. నోల్ సోదరులు సృష్టించిన ఫొటోషాప్‌ను అడోబీ సంస్థ 1990లో విడుదల చేయగా, లేయర్లు 1994లో మూడవ కూర్పుతో వచ్చాయి. హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో చదివిన శంతను నారాయణ్ 2007లో ఆ సంస్థకు సారథి కావడం మనకు ముచ్చటైన సంగతి.

రంగులద్దడంలో అసలు చిక్కు వేరే ఉంది. ఒకే ప్రకాశం గల ఎరుపు, ఆకుపచ్చ నలుపు తెలుపు ఫిల్ముపై ఒకే బూడిదరంగుగా పడవచ్చు. 1957 నాటి ‘మాయాబజార్’కు హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది 2010లో విడుదల చేయించినప్పుడు, ఏ వస్త్రానికి ఏ రంగు అన్నది మనుషులు నిర్ణయించవలసినదే. ఫిల్ము చెప్పదు. మార్కస్ బార్ట్లే వెలుగునీడలే నాకు ఇష్టం. రంగుల ప్రతి వచ్చినా పాతది చెరిగిపోలేదు గనుక పేచీ లేదు.

ఇంట్లో ప్రయత్నించేవారు కుంచె పొరను ‘కలర్’ పద్ధతిలో ఉంచాలి. అప్పుడు వెలుగునీడలు ఛాయాచిత్రంనుంచే వస్తాయి, వర్ణం మాత్రమే కుంచెది. పెద్దమ్మను అడిగి తెలుసుకున్న చీర రంగు ఒక పొరలో, మనం ఊహించినది మరొక పొరలో వేసి, రెండింటికీ పేర్లు పెట్టండి. జేపెగ్‌గా భద్రపరిస్తే పొరలన్నీ ఒక్కటైపోతాయి. కాబట్టి పొరలతో కూడిన ప్రతిని పీఎస్‌డీగానో టిఫ్‌గానో దాచి, ఏ దిద్దుబాటూ లేని తొలి స్కానును వేరే ఉంచండి.