తుపాను వేళ తొలి వైద్యుడు

1999 అక్టోబరు 29వ తేదీన ఒడిశా తీరమును తాకిన పెనుతుపాను సుమారు 10,000 మందిని బలిగొనెను. 2019 మే 3వ తేదీన ఫని తుపాను పూరీ చెంత తీరము దాటినప్పుడు ఆ రాష్ట్రమున మృతుల సంఖ్య నూటికి లోబడియే యుండెను. పది లక్షలకు మించిన జనమును ముందుగనే సురక్షిత స్థలములకు తరలించుట యిందుకు ప్రధానకారణము. ఇది మిక్కిలి కొనియాడదగిన కార్యమే. కాని గాలి తగ్గిన పిమ్మటి తొలి ఘడియల మాట యేమి?

చెట్లు కూలి బాటలు మూసికొనిపోవును. తీగలు తెగి వార్త చేరదు. ఆంబులెన్సు వచ్చునంతవరకు క్షతగాత్రునకు పొరుగువాడే వైద్యుడు. పెద్ద రక్తనాళము తెగినచో ప్రాణము పోవుటకు నిమిషములే చాలును. శుభ్రమైన గుడ్డతో గాయమును గట్టిగా అదిమిపట్టుట యెవరైనను నేర్వదగిన విద్య. విరిగిన కాలికి బద్దలు వేసి కట్టిన పిదపనే రోగిని కదలింపవలెను. బిగ్గరగా ఏడ్చువాని కంటె చప్పుడు లేక పడియున్నవానిని ముందుగా చూడవలెనని తెలిసినవారు అరుదు. నీరు కలుషితమై అతిసారము ప్రబలినచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి త్రాగించుట ప్రాణరక్షకము. తనకు రాని సూదిమందు జోలికి పోకుండుటయు ఈ శిక్షణలో భాగమే.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ‘ఆపదా మిత్ర’ పథకమును 30 జిల్లాలలో, జిల్లాకు 200 మంది చొప్పున ఆరంభించుట సమంజసమైన చర్య. అయితే నేర్చినది ఆచరణలో లేనిచో మరపునకు వచ్చును. ఏటేట తుపాను ఋతువునకు ముందే దానిని తిరిగి అభ్యసింపజేయవలెను. పురుషులు వేటకు పోయినవేళ ఇల్లు కాచువారు స్త్రీలే గావున, వారికిని సమముగా నేర్పవలెను. అన్నింటికి మించి, అది వారి యింటిభాషలో సాగవలెను. పూరీ పెంటకోటలోను, గోపాలపురము తీరమునను తరతరములుగా వసించు తెలుగు మత్స్యకారులకు ఆపత్కాలమున తోచునది తెలుగే గదా!

తుపాను వచ్చినప్పుడెల్ల చందాలు పోగుచేసి పంపుట రాజధానియందలి ఆంధ్రులకు అలవాటైనదే. అది చాలదని మా యభిప్రాయము. మన వైద్యులును, నర్సులును సంవత్సరమునకొక వారమైన ఆ పల్లెలకు పోయి, జిల్లా అధికారుల సమ్మతితో ఈ విద్య నేర్పుదురుగాక. ప్రయాణవ్యయమును తక్కినవారు భరించుట న్యాయము.