మరచేతికి మొదటి పని

1961లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, ట్రెంటన్ దగ్గరున్న జనరల్ మోటార్స్ కర్మాగారంలో ఒక ఇనుప చెయ్యి పనిలో చేరింది. పేరు యూనిమేట్. బరువు సుమారు 1,800 కిలోలు. డై కాస్టింగ్ యంత్రం అచ్చులోంచి సెగలు కక్కుతూ వచ్చే పోత భాగాన్ని పట్టుకుని బయటికి తీయడం దాని పని. మనుషులు చేస్తే ఒళ్లు కాలే పని అది. ఏమరుపాటున ఉంటే చేతులే పోతాయి.

ఈ యంత్రానికి 1954లో పేటెంటు కోరినవాడు జార్జ్ డెవల్. రెండేళ్లకు ఒక విందులో ఆయనకు జోసెఫ్ ఎంగెల్‌బర్గర్ తారసపడ్డాడు. ఊహ డెవల్‌ది. దాన్ని కర్మాగారాల గడప దాటించిన ఓపిక ఎంగెల్‌బర్గర్‌ది. ఈ రెండోదే ఎక్కువ కష్టమని నా నమ్మకం. వాళ్ల కంపెనీ యూనిమేషన్ మొదటిసారి లాభం చూసింది 1975లో. అన్నాళ్లూ ఎంగెల్‌బర్గర్ మరచేతిని వెంటేసుకుని తిరిగాడు. 1966లో జానీ కార్సన్ టీవీ కార్యక్రమంలో దానిచేత గోల్ఫ్ బంతి కొట్టించాడు, గ్లాసులో బీరు పోయించాడు. జనం ముచ్చటపడ్డారు. కానీ ముచ్చటపడినంత మాత్రాన ఆర్డర్లు రావు.

యూనిమేట్‌కు ఉన్నది తెలివి కాదు, జ్ఞాపకం. ఆపరేటర్ మీటలు నొక్కుతూ చేతిని కావలసిన చోటికి తెచ్చి నిలిపితే, ఒక్కో కీలు ఎంత తిరిగిందో అయస్కాంతపు డ్రమ్ము మీద నమోదయ్యేది. ఆ తర్వాత చెయ్యి అదే వరసలో, అవే చోట్లకు, అలుపు లేకుండా తిరిగేది. కళ్లు లేవు కాబట్టి పోత భాగం బెత్తెడు పక్కకు జరిగితే గాలినే పట్టుకునేది. ఇప్పుడు కెమెరాలు వచ్చాయి, అయినా కొత్తగా రోబో పెట్టుకోవాలనుకునే యజమాని మొదట చూసుకోవలసింది ఇదే: వస్తువు ప్రతిసారీ ఒకే చోటికి, ఒకే వాటంలో వస్తోందా? రాకపోతే ముందు ట్రేలు, వస్తువును కదలకుండా పట్టి ఉంచే ఫిక్స్చర్లు సరిచేసుకోవాలి. చేతి ధర ఒక్కటే లెక్కేసుకుని దిగినవాళ్లకు వస్తువును పట్టుకునే గ్రిప్పరు, ట్రేలు, మనుషులు దగ్గరికి రాకుండా కట్టే కంచె, వాటిని అమర్చే మనిషి ఖర్చు తర్వాత మీద పడుతుంది. మొదటి పనిగా షాపులో అన్నిటికన్నా గొప్ప పనిని ఎంచుకోవడమూ పొరపాటే. విసుగు పుట్టించే పని, వేడి పని, రోజూ మారని పని కావాలి. డై కాస్టింగ్ దగ్గర మొదలుపెట్టడంలో ఎంగెల్‌బర్గర్ చూపిన వివేకం అదే.

ఆయన మాట జపాన్ శ్రద్ధగా విన్నది. 1967లో ఆయన్ను అక్కడికి పిలిచారు. 1969లో కవాసాకి సంస్థ లైసెన్సు మీద యూనిమేట్లు తయారుచేయడం మొదలుపెట్టింది. అక్కడి చిన్న కంపెనీలకు మాత్రం ఒక్కసారే అంత డబ్బు పెట్టే స్తోమత లేదు. అందుకని 1980లో జారోల్ అనే లీజింగ్ కంపెనీ పుట్టింది: రోబోను కొనక్కర్లేదు, అద్దె కట్టి వాడుకోవచ్చు. రోబోల చరిత్ర రాసేవాళ్లు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. చిన్న షాపు యజమానికి మాత్రం కొత్త మోటారు కంటే ఇలాంటి ఏర్పాటే దారి చూపిస్తుంది.

స్వీడన్‌లో జరిగిన కథ ఇంకా నచ్చుతుంది నాకు. జెనార్ప్ అనే ఊళ్లో మాగ్నుసన్ వాళ్ల కుటుంబ కంపెనీ వంపు తిరిగిన స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలకు మెరుగు పెట్టేది. దుమ్ము, రొద, నడుం నొప్పి. 1974లో ఏసియా సంస్థ తయారుచేసిన ఐఆర్‌బి 6 మొదట చేరింది ఏ కార్ల కర్మాగారానికో కాదు, ఈ చిన్న షాపుకే. దాంట్లో నూనె ఒత్తిడితో నడిచే సిలిండర్లు లేవు. విద్యుత్ మోటార్లతో కదులుతూ మైక్రోప్రాసెసర్ ఆజ్ఞలతో నడిచేది. మోసేది ఆరు కిలోలు. గొట్టాలకు మెరుగు పెట్టడానికి అది చాలు.

డెన్మార్క్‌లోని ఒడెన్సె నగరంలో 2005లో యూనివర్సల్ రోబోట్స్ స్థాపించిన ముగ్గురు పరిశోధకులు సరిగ్గా ఇలాంటి షాపుల కోసమే ఆలోచించారు. అప్పటికి దొరికే చేతులు బరువైనవి, ఖరీదైనవి, వాటికి పని నేర్పడానికి నిపుణులు కావలసివచ్చేది. వాళ్ల యూఆర్5 బరువు 18 కిలోల పైచిలుకు, అంటే యూనిమేట్‌లో దాదాపు నూరో వంతు. అక్షరాభ్యాసంలో పిల్లల చెయ్యి పట్టుకుని దిద్దించినట్టు, దీన్ని చేత్తో పట్టుకుని దారి చూపిస్తే గుర్తుపెట్టుకుంటుంది. 2008 చివర్లో మొదటిది లినాటెక్స్ అనే కంపెనీకి వెళ్లి, కంప్యూటర్ ఆజ్ఞలతో నడిచే సీఎన్‌సీ మెషీన్లకు ముడిసరుకు అందించే పనిలో, కంచె లేకుండా మనుషుల మధ్యే నిలబడింది.

కంచె లేదన్న మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. మనిషి తగలగానే ఆగిపోయే చెయ్యే అయినా, దాని పట్టులో పదునైన రేకు ఉంటే గాయం తప్పదు. అందుకే చేతిని ఒక్కదాన్నే కాక గ్రిప్పరు, వస్తువు, వేగం, దగ్గర నిలబడే మనుషులు అన్నీ కలిపి ప్రమాదం అంచనా వెయ్యాలి. 2016లో వచ్చిన ఐఎస్ఓ 15066 పత్రం శరీరంలో ఏ భాగానికి ఎంత ఒత్తిడి వరకు పడవచ్చో విడివిడిగా హద్దులు పెట్టింది.