పాత పాటల పెన్నిధి

పాట పాడని జాతి లోకమున లేదు. బిడ్డను ఊయలలో పరుండబెట్టిన తల్లి లాలిపాట పాడును. ధాన్యము దంచు స్త్రీలు రోకటిపోటునకు తగిన లయతో సువ్విపాటలు పాడెడివారు. నాట్లు వేయువారికి ఒక పాట, పడవ నడుపువారికి ఒక పాట, పెండ్లికూతును అత్తవారింటికి పంపునపుడు అప్పగింతల పాట - ఇట్లు మన బ్రతుకులోని ప్రతి ఘట్టమునకును పాట తోడుగా నడచినది. కాని పాటకు ఒక లోపము కలదు. అది గాలిలో పుట్టి గాలిలోనే అణగిపోవును. శిల్పి చెక్కిన బొమ్మ వేయేండ్లు నిలుచును. కవి చెప్పిన పద్యము తాటియాకుపై నిలుచును. గాయకుని కంఠధ్వని మాత్రము పాడిన క్షణముననే మాయమగును. ఈ లోపమును మానవుడు ఎట్లు దిద్దుకొనెను? దిద్దుకొనిన పిమ్మటను ఎట్టి నష్టము మిగిలియున్నది? దానిని తగ్గించుటకు మనము చేయదగినది ఏమి? ఈ మూడు సంగతులను ఈ పాఠమున తెలిసికొందము.

మాట నిలిచి పాట పోయిన దానికి మన భాషలోనే గొప్ప నిదర్శనము కలదు. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 మొదలు 1503 వరకు జీవించిన మహనీయుడు. ఆయన 32,000 సంకీర్తనలను రచించెనని ప్రసిద్ధి. వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోని సంకీర్తన భాండారమున భద్రపరచిరి. ఆ రేకులు శతాబ్దముల పాటు మరుగుపడియుండి 20వ శతాబ్దమున వెలుగు చూచినవి. పండితులు వాటిని పరిష్కరించి ముద్రింపించిరి. ప్రతి పాటకును పైన రాగము పేరు కలదు. కాని ఆ రాగములో పాటను ఎట్లు నడిపించిరో తెలుపు స్వరములు లేవు. అందుచే అన్నమాచార్యుల నోట వెలువడిన బాణీ మనకు దక్కలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు విద్వాంసులు క్రొత్తగా స్వరములు కూర్చిరి. నేడు మనము విని ఆనందించుచున్న బాణీలలో పెక్కు ఇట్లు ఆధునికులు కూర్చినవే. రాగిరేకు మాటను కాపాడగలిగినది గాని గొంతును కాపాడలేకపోయినది.

గొంతును పట్టి నిలుపు విద్య 1877లో అమెరికా దేశమున పుట్టినది. థామస్ ఆల్వా ఎడిసన్ అను శాస్త్రజ్ఞుడు ఒక గుండ్రని స్తంభమునకు తగరపు రేకును చుట్టి, దానిని త్రిప్పుచు ఒక గొట్టములోనికి మాటలాడెను. మాట యనునది గాలిలో కదలిక. ఆ కదలికకు గొట్టము చివరనున్న పలుచని పొర అదరినది. పొరకు అమర్చిన ముల్లు రేకుపై ఎత్తుపల్లములుగా గీత గీసినది. తిరిగి అదే గీతపై ముల్లును నడిపించినపుడు పొర మునుపటివలెనే అదరి, అదే మాటను పలికినది. పదేండ్లకు, అనగా 1887లో, ఎమిల్ బెర్లినర్ అను నతడు స్తంభమునకు మారుగా చదునైన పళ్లెమును వాడు పద్ధతిని కనిపెట్టెను. ఇదియే గ్రామఫోను. మన పెద్దలు దీని పళ్లెమును ప్లేటు అని వ్యవహరించిరి.

ఈ ప్లేటులకు మన దేశముతో దగ్గర సంబంధము కలదు. వాటి తయారీలో ముఖ్యమైన పదార్థము లక్క. చెట్ల కొమ్మలపై లక్కపురుగులు కూర్చు ఈ పదార్థమునకు భారతదేశము పేరుగన్నది. 1902లో గ్రామఫోను సంస్థవారు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ అను గాయని పాటలను ముద్రించిరి. పిమ్మట అన్ని భాషలవారి పాటలును ప్లేటులుగా వెలువడినవి. నిమిషమునకు 78 మారులు తిరుగు ఆ ప్లేటు ఒక వైపున ఇంచుమించు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టును. గంటసేపు రాగము ఆలపించు విద్వాంసుడైనను ఆ మూడు నిమిషములలోనే తన విద్యను చూపవలసి వచ్చెను. చిన్న పాట, చిక్కని పాట అను అభిరుచి జనులలో పెరుగుటకు ఇది ఒక కారణము.

తెలుగునాట మొదట హరిశ్చంద్ర, కృష్ణరాయబారము వంటి నాటకముల పద్యములు ప్లేటులపై మారుమ్రోగినవి. శంకరంబాడి సుందరాచారి రచించిన తెలుగుతల్లి గీతము టంగుటూరి సూర్యకుమారి గళమున ప్లేటుకెక్కి ఊరూర వినబడినది. తరువాతి కాలమున అది ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రగీతమైనది. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పుష్పవిలాప పద్యములను ఘంటసాల పాడగా, చదువురాని వారును వాటిని కంఠస్థము చేసిరి. ఒక పుస్తకము చేయలేని పనిని ఒక ప్లేటు చేయగలిగినది.

గ్రామఫోను కొనగలవారు కొందరే. పాటను పూరిగుడిసె వరకు చేర్చినది రేడియో. మదరాసు ఆకాశవాణి కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను ప్రారంభమైనవి. వాగ్గేయకారుల చరిత్ర వ్రాసిన బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు రేడియోలో పనిచేసి లలితసంగీతమునకును భక్తిగీతములకును విశేషముగ సేవచేసిరి. 1957లో వివిధభారతి ఆరంభమైనది. సిలోను రేడియో నుండి వచ్చు తెలుగు పాటలకై జనులు చెవులు రిక్కించి కూర్చుండెడివారు. శ్రోతలు కార్డుముక్కపై తమ పేరును, మిత్రుల పేర్లను, కోరిన పాటను వ్రాసి పంపెడివారు. పాటకు ముందు ఆ పేర్లు చదువబడునపుడు ఆ యూరివారి సంతోషమునకు మేర యుండెడిది కాదు. ఒకరు కోరిన పాటను వేలమంది కలిసి వినుట - మిత్రులు పాటను పంచుకొనుటకు ఇదియును ఒక మార్గమే.

పాత పాట వినినంతనే పాత దినములు మనస్సునకు వచ్చుటకు కారణమేమి? పాట ఒంటరిగా మనస్సును చేరదు. విన్న చోటు, వినిపించినవారు, నాటి వాన, నాటి పండుగ - ఇవి యన్నియు దానితో పెనవేసికొని చేరును. ఒక కొసను లాగినచో తక్కినవియు కదలివచ్చును. అదియును గాక, లయయు ప్రాసయు జ్ఞాపకమునకు ఊతలు. మరచిన పద్యమును మొదటి పాదము రాగమెత్తి చదివినపుడు రెండవ పాదము తానై నోటికి వచ్చుట మీకును అనుభవమే. ఇంచుమించు పదేండ్లు మొదలు ముప్పది యేండ్ల వరకు గల వయస్సులో జరిగిన సంగతులును, విన్న పాటలును మనుష్యులకు ముదిమిలో ఎక్కువగా జ్ఞప్తికి వచ్చునని మనశ్శాస్త్రజ్ఞులు పరిశీలించి చెప్పినారు. పేర్లు మరచిన వృద్ధులు సైతము చిన్ననాటి పాటను తప్పు లేక పాడుట పెక్కు కుటుంబములలో చూచు విషయమే.

నేడు పాటలను పంచుకొను పని మిక్కిలి సులభమైనది. ఒకే పాఠశాలలో చదివిన నలుగురు మిత్రులు కలరనుకొందము. ఒకరు వరంగల్లులోను, ఒకరు విజయవాడలోను, ఒకరు చెన్నపట్టణమునను, ఒకరు అమెరికాలోను ఉన్నారు. 1951లో వచ్చిన మల్లీశ్వరి చిత్రములోని ఒక పాటను వారిలో ఒకరు తమ ఫోనులో తక్కిన వారికి పంపిరి. క్షణములో అది సముద్రములు దాటినది. ఒకరికి ఆ పాటతో తన తల్లి వంటయింట దానిని కూనిరాగము తీసిన సంగతి జ్ఞప్తికి వచ్చును. మరియొకరు అది దేవులపల్లి కృష్ణశాస్త్రి రచనయనియు, సంగీతము సాలూరు రాజేశ్వరరావుదనియు తెలుపుదురు. మూడవవారు ఘంటసాల, భానుమతుల గాత్రముల సొంపును వివరింతురు. నాలుగవవారు ఆ బాణీ యే రాగచ్ఛాయలో నున్నదో ఆలోచింపసాగుదురు. ఒకరికి తెలిసినది నలుగురి సొత్తగును. పంచుకొనిన కొలది పెరుగు ధనములలో విద్యతో పాటు పాటయును చేరును.

అయినను ఈ సులభత్వములోనే ఒక ప్రమాదము దాగియున్నది. చేతులు మారుచున్న కొలది పాట మిగులును గాని, పాడినవారి పేరు, వ్రాసినవారి పేరు, సంవత్సరము రాలిపోవును. ఒకరు తొందరపడి తప్పు పేరు వ్రాసినచో వేయిమంది దానినే పంపుదురు. కొన్నాళ్లకు అదియే నిజమని చెలామణి యగును. ఇట్టి పొరపాటు పూర్వమును జరుగకపోలేదు. 1949లో వచ్చిన మహల్ అను హిందీ చిత్రములోని ప్రసిద్ధమైన పాటకు ప్లేటుపై గాయనియైన లతా మంగేష్కర్ పేరును గాక, చిత్రములోని పాత్రయగు కామిని పేరును ముద్రించిరి. పాడిన దెవరని శ్రోతలు పట్టుబట్టి అడిగిరి గనుక నిజము బయటపడినది. అడుగువారు లేనిచో ఎందరి పేర్లు మరుగుపడియుండునో ఊహింపుడు. పాటను పంపుట ఎంత ముఖ్యమో, పేరు తప్పిపోకుండ పంపుట అంత ముఖ్యము.

రెండవ ప్రమాదము వస్తువులకు సంబంధించినది. లక్క ప్లేటు చేజారినచో పగిలిపోవును. వాడిన కొలది ముల్లు దాని గాడిని అరగదీయును. 1948లో వచ్చిన వినైలు ప్లేటు పగులదుగాని గీతలు పడును. 1963లో వచ్చిన క్యాసెట్టు టేపు చెమ్మకు బూజుపట్టును. పాత పాటపై క్రొత్తది ముద్రించి పాతదానిని చెరిపివేసిన యిండ్లును కలవు. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు పద్ధతి వేరు. అందు ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి అంకెలుగా వ్రాయుదురు. అంకెలను ఎన్ని మారులు ఎత్తివ్రాసినను అవి అరగవు. కాని పంపుటకు అనువుగా పరిమాణమును తగ్గించునపుడు ధ్వనిలో కొంత భాగము తీసివేయబడును. కావున పాత ప్లేటునుండి పాటను ఎత్తునపుడు తగ్గింపని ప్రతిని ఒకదానిని దాచి, తగ్గించిన ప్రతిని పంచుకొనుట మేలు. ప్లేటు తిరుగు వేగమును గూడ సరిచూడవలెను. వేగము హెచ్చినచో శ్రుతి పెరిగి గాయకుని గొంతు పీలగా మారిపోవును.

చెన్నపట్టణమున వి.ఎ.కె. రంగారావు వంటి సేకర్తలు వేలకొలది ప్లేటులను ప్రోగుచేసి, వాటి వివరములను శ్రద్ధతో పరిశీలించిరి. వారివలె వేల ప్లేటులను మనము సేకరింపలేకపోవచ్చును. కాని మన ఇంటి అటుకపైనున్న పాత ప్లేటును తూకమునకు అమ్మకుండ ఆపవచ్చును. దానిపై ముద్రించిన సంఖ్యను, పేర్లను వ్రాసికొనవచ్చును. చట్టమును గూడ తెలిసికొనవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ముద్రిత ధ్వనికి అది వెలువడిన సంవత్సరము గడచినది మొదలు 60 ఏండ్ల రక్షణ కలదు. రచయితకును సంగీతకర్తకును గల హక్కు వారి మరణానంతరము 60 ఏండ్లు ఉండును. ఒకరి శ్రమను మనదని చెప్పుకొనుటయు, దానితో అనుమతి లేక వ్యాపారము చేయుటయు తగని పనులు.

అన్నింటికన్న పెద్ద నష్టము ఇంకొకటి కలదు. ప్లేటుకు ఎక్కిన పాట ఎక్కడనో ఒకచోట దొరుకవచ్చును. ఏ యంత్రమునకును ఎక్కని పాటలు ఎన్నియో మన పెద్దల గొంతులలోనే యున్నవి. సువ్విపాటలు, బతుకమ్మ పాటలు, మేలుకొలుపులు, అలక పాటలు, మంగళహారతులు ఊరూరికి మారును; ఒక్కొక్క ఇంట ఒక్కొక్క చరణము అధికముగా నుండును. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన బిరుదురాజు రామరాజు జానపద గేయములను సేకరించి పరిశోధన చేసి, అవి సాహిత్యముగా ఆదరింపదగినవని నిరూపించిరి. ఒక్కరు సేకరించినది కొండంత. మిగిలియున్నది అంతకంటె పెద్దది. పాడువారు గతించిన పిమ్మట ఆ పాటను ఏ ధనమిచ్చియు కొనలేము. రోళ్లు పోయినవి గనుక సువ్విపాటకు పనిలేదనుట సరికాదు. ఆ పాటలలో ఆ కాలపు స్త్రీల కష్టసుఖములు, ఆ ప్రాంతపు పలుకుబడి, మరుగుపడిన మాటలు భద్రముగా నున్నవి.

విద్యార్థులారా! ఈ పని మీ చేతిలో నున్నది. మీ నాయనమ్మనో, అమ్మమ్మనో, పొరుగింటి పెద్దలనో ఒక సెలవుదినమున అడుగుడు. పాడుటకు వారు సిగ్గుపడినచో తొందరచేయక, ఆ పాట ఎక్కడ నేర్చిరని మొదట అడుగుడు. కథతో పాటు పాట తానై వచ్చును. వారి అనుమతితో ఫోనులో ముద్రింపుడు. చుట్టునున్న చప్పుడు తగ్గించి, పాట మధ్య మాటలాడకుడు. పిమ్మట పాడినవారి పేరు, ఊరు, తేది, పాట పాడు సందర్భము, తెలియని మాటల యర్థము ఒక పుస్తకములో వ్రాసికొనుడు. వారు పలికినది పలికినట్లే వ్రాయవలెను. వ్యాకరణము పేర దిద్దరాదు. ఒక ప్రతిని మీ మిత్రునికిచ్చి, అతని యింటి పాటను మీరు తీసికొనుడు. తరగతిలో నలుబదిమంది ఒక్కొక్క పాట తెచ్చినచో ఒక్క వారములో నలుబది పాటలు నిలుచును. అన్నమాచార్యుల కాలమువారికి గొంతును నిలుపు సాధనము లేకపోయినది. మనకు అది ఇంటింట నున్నది. సాధనముండియు పాటను పోగొట్టుకొనినచో ఆ తప్పు కాలముది కాదు, మనదే యగును.