వెతకడం కూడా ఒక విద్యే

మేమెరిగిన ఒక ఇంట, కళాశాలలో చదివే అమ్మాయి ఇబ్నుల్ హైసమ్ గురించి వ్యాసం వ్రాయవలసి వచ్చి, ఒక డిజిటల్ గ్రంథాలయంలో ఆ పేరు వెతికింది. నాలుగైదు పుస్తకాలే కనిపించాయి. "ఆయన గురించి ఇంతేనా అబ్బాజాన్!" అని నిట్టూర్చిందట. ఆమె తట్టినది ఒక్క తలుపే అన్న సంగతి అప్పటికి ఆ ఇంట ఎవరికీ తోచలేదు.

965 ప్రాంతంలో బస్రాలో జన్మించిన ఆ మహాశాస్త్రవేత్తను ఐరోపావారు 'అల్‌హాజెన్' అన్నారు. ఇబ్నె సీనా 'అవిసెన్నా' అయ్యారు. అజ్జహ్రావీ 'అల్‌బుకాసిస్' అయ్యారు. పాత ఇంగ్లీషు పుస్తకాలలో తరచు ఈ పేర్లే కనిపిస్తాయి. వ్యక్తుల పేర్లే కాదు, శాస్త్రాల పేర్లూ మారాయి. కాంతిశాస్త్రాన్ని నేటి అరబ్బీలో 'బసరియ్యాత్' అంటారు. ఆనాటి పండితుల మాట 'మనాజిర్'. ఆయన ప్రసిద్ధ గ్రంథం పేరే 'కితాబుల్ మనాజిర్'.

ఈ చిక్కును విప్పేది విషయ శీర్షిక. పదంతో వెతికితే ఆ పదం ఉన్నచోటికే చేరుకుంటాము. గ్రంథాలయ నిపుణులు పుస్తకాన్ని పరిశీలించి, ఏ పేరుతో వ్రాసినా ఒకే విషయానికి చెందినవాటిని ఒకే శీర్షిక క్రిందకు చేరుస్తారు.

బ్రిటిష్ లైబ్రరీ భాగస్వామ్యంతో 2014లో ప్రారంభమైన ఖతర్ డిజిటల్ లైబ్రరీ ఇందుకు మంచి ఉదాహరణ. అరబ్బీ శాస్త్ర గ్రంథాల వ్రాతప్రతులు, గల్ఫ్ చరిత్రకు చెందిన ఇండియా ఆఫీసు దస్త్రాలు అక్కడ ఉచితంగా చూడవచ్చు. వాటి వివరాలు అరబ్బీ, ఇంగ్లీషు రెండింటిలోనూ ఉంటాయి. మూలప్రతి మాత్రం తన భాషలోనే ఉంటుంది.

కనుక మొదట తెలిసిన పేరుతో వెతకండి. పనికివచ్చే పుస్తకం ఒక్కటి దొరికితే చాలు, దాని వివరాలలోని విషయ శీర్షికను పట్టుకుని ముందుకు సాగండి. తరువాత రెండవ భాషలోనూ అదే పని చేయండి. దొరికిన ప్రతి కొత్త పేరునూ ఒక కాగితంపై వ్రాసుకోండి. మరుసటి అన్వేషణకు అదే తాళంచెవి.

ఆ ఇంట ఇప్పుడు మనుమరాలి ప్రక్కన దాదీ కూర్చుంటున్నారు. ఇంగ్లీషు ఆమెకు రాదు. ఏళ్ళ తరబడి ఖుర్ఆన్ పారాయణంతో అరబ్బీ అక్షరాలు మాత్రం కంటికి పట్టుబడ్డాయి. ఆమె అక్షరాలు చూపుతుంటే అమ్మాయి టైపు చేస్తోంది. మన ఇళ్ళలో ఇటువంటి పెద్దలు ఎందరో ఉన్నారు. పిల్లలు వారిని ఒకసారి పిలవాలి, అంతే.