శ్రవ్యనవలయందుఁ గాకువు

ఉదాత్తస్థానము తప్పుటచే ‘ఇంద్రశత్రు’ పదమందలి తత్పురుషము బహువ్రీహియై, ఇంద్రుఁడే హంతగా వృత్రునకుఁ జేటు వచ్చెనని శాబ్దికులు చెప్పుదురు. అపరాధపరిశోధకనవలలఁ జదివి వినిపించువారికిని నిట్టి భయమే కలదు. ముద్రితవాక్యము సంశయము నిలుపును. కంఠము దానిఁ దీర్చివేయును. అగాథా క్రిస్టీ 1926లోఁ బ్రకటించిన ‘రోజర్ ఆక్రాయిడ్ హత్య’యందుఁ గథ చెప్పువాఁడే హంతకుఁడు. చదువువారి గొంతులో వంచన యించుక ధ్వనించినను రహస్యము ముందే బయల్పడును. కంఠధ్వనివికారమగు కాకువును మమ్మటుఁడు వ్యంజనాహేతువులలో లెక్కించుట యిట స్మరణీయము. విశాఖపట్టణమున జన్మించిన ఆరుద్ర (1925–1998) రచించిన ‘పలకల వెండిగ్లాసు’ను వినిపించువారికిని నిదియే నియమము: అనుమానితులలో నెవ్వరియందును గంఠము పక్షపాతము చూపరాదు. పాణినీయశిక్ష పాఠకగుణములలో ధైర్యముఁ జెప్పినది. తెలిసినదానిఁ దెలియనట్లు పలుకు నిబ్బరమే యిచ్చటి ధైర్యమని నాకుఁ దోఁచుచున్నది.