చక్కెర డబ్బా తీసే ముందు

కాఫీ చేదెక్కిందంటే మనవాళ్లు చేసే మొదటి పని ఇంకో చెంచా చక్కెర వెయ్యడం, రెండోది కెఫీన్‌ను తిట్టడం. కెఫీన్ చేదుదే, కాదనలేం. అయితే దాన్ని దాదాపు పూర్తిగా తీసేసిన డీకాఫ్ కాఫీ కూడా చేదుగానే ఉంటుంది. కాఫీ మొత్తం చేదులో కెఫీన్ వంతు సుమారు 15 శాతానికి మించదని అంచనా. మిగతా చేదులో పెద్ద భాగం గింజ వేయించేటప్పుడు పుట్టేదే. పచ్చి గింజలోని క్లోరోజెనిక్ ఆమ్లాలు వేడికి లాక్టోన్లుగా మారతాయి. కాఫీకి నాలుక ఇష్టపడే చేదు వీటిదే. గింజ నల్లబడేదాకా వేయిస్తే ఆ లాక్టోన్లు విరిగి ఫినైల్ ఇండేన్లు తయారవుతాయి. గొంతులో పట్టుకుని చాలాసేపు వదలని మొరటు చేదు వాటిది. జర్మనీలోని మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో థామస్ హాఫ్‌మన్ బృందం 2007లో ఈ తేడాను బయటపెట్టింది. అంటే చేదు ఒకటి కాదు, రెండు. మనకు పేచీ రెండోదానితోనే. ముదురుగా వేయించిన పొడి కొని తెచ్చుకుని చక్కెరతో కుస్తీ పట్టడం కంటే, ఓ మోస్తరుగా వేయించిన పొడి అడిగి తెచ్చుకోవడం తేలిక. గింజ రకమూ చూడాలి. రొబస్టాలో కెఫీన్ అరబికాకు ఇంచుమించు రెట్టింపు, క్లోరోజెనిక్ ఆమ్లాలూ ఎక్కువే. మన అరకులో పండేది అరబికా.

పొడి మంచిదైనా డికాషన్ దగ్గర చెడిపోవచ్చు. నీళ్లు పొడిలోంచి దిగేటప్పుడు అన్ని రుచులూ ఒక్కసారే రావు. పులుపు, సువాసన ముందు దిగుతాయి. మొరటు చేదు, వగరు నిదానంగా వెనకాల వస్తాయి. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి తీసే రెండో డికాషన్ పల్చగా ఉండి కూడా చేదుగా ఉండేది అందుకే. పొదుపు పేరుతో చేసే ఆ పని నాకు దండగనిపిస్తుంది. పొడి మరీ మెత్తగా ఉంటే ఫిల్టర్ చిల్లులు పూడుకుపోయి, నీళ్లు గంటల తరబడి నిలిచి ఇదే ఫలితం వస్తుంది. మరిగే నీళ్లు పోస్తే చేదని కొందరంటారు. చల్లటి ఫిల్టర్, పొడి కలిసి ఆ వేడిని కొంత లాగేసుకుంటాయి కాబట్టి అది చిన్న తప్పే. దిగిన డికాషన్‌ను మళ్లీ స్టౌ మీద పెట్టి కాగబెట్టడం మాత్రం పెద్ద తప్పు. పాలు వేడిగా ఉంటే చాలు, డికాషన్ వేడెక్కక్కర్లేదు.

చేదు లేకపోతే అది కాఫీయే కాదు కదా అనొచ్చు. నిజమే. పాలు చేదును మెత్తబరుస్తాయి కాబట్టి పాల కాఫీకి చిక్కటి, కాస్త చేదైన డికాషనే కావాలి. మరీ లేతగా వేయించిన గింజ పాలల్లో పులుపుగా, నీరసంగా తేలిపోతుంది. చికోరీని వెనకేసుకొచ్చే వాళ్లూ ఉన్నారు. అది చిక్కదనం, రంగు ఇస్తుంది, కెఫీన్ ఉండదు. కానీ దానికీ సొంత చేదు ఉంది. మన దేశంలో కాఫీ పొడిలో 49 శాతం దాకా చికోరీ కలపొచ్చు, ఆ శాతం ప్యాకెట్ మీద వేస్తారు. చేదు ఎక్కువైందనుకునేవారు ముందు చూడాల్సిన అంకె అదే.

ఇక అప్పటికే చెడిపోయిన డికాషన్‌కు చక్కెర కంటే చిటికెలో సగం ఉప్పు నయం. ఉప్పులోని సోడియం చేదును అణచి తీపిని పైకి తెస్తుందని బ్రెస్లిన్, బోషాం అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1997లో చేదు, తీపి కలిపిన ద్రావణాల మీద చూపించారు. అయితే అన్ని చేదులూ ఉప్పుకు ఒకేలా లొంగవు, మాడిన పొడిని అది బాగుచెయ్యలేదు. ఉప్పదనం నాలుకకు తెలిసిందంటే మోతాదు మించినట్టే.