మెదడులో అంగుళం బుడగ: ఊరుకుంటే ఎంత, చేయిస్తే ఎంత?

సైకిల్ ట్యూబు ఒకచోట పలచబడితే గాలి అక్కడే బుడగలా ఉబ్బుతుంది. మెదడుకు నెత్తురు తీసుకుపోయే ధమని గోడ బలహీనపడినా అంతే. డాక్టర్లు దీన్ని ఎన్యూరిజం అంటారు. చాలావరకు ఇవి చిన్నవే, ఉన్నట్టే తెలియదు. అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అంగుళం, ఆపైన ఉంటే దానికి ‘జెయింట్’ అని పేరు. కపాలంలో అంత చోటెక్కడిది? అందుకే అది పగలకముందే పక్క నరాలను నొక్కుతుంది. ఒక కనురెప్ప వాలిపోతుంది, వస్తువులు రెండుగా కనిపిస్తాయి, చూపు తగ్గుతుంది. ముందు కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళేవారూ ఉన్నారు.

స్కానులో బయటపడ్డాక ఇంట్లో వినిపించే మాట ఒకటుంది: ‘‘ఆపరేషన్ ప్రమాదమట, అలాగే వదిలేస్తే పోలా?’’ నేను బ్యాంకు మనిషిని, వైద్యుణ్ణి కాను. అయినా ఈ మాటలో లెక్క కుదరలేదని చెప్పగలను. ఆపరేషన్‌కు డాక్టరు ఒక శాతం చెబుతాడు, భయపడతాం. ఊరుకోవడానికి ఎవరూ శాతం చెప్పరు గనుక అది సున్నా అనుకుంటాం. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ పరిశీలన ప్రకారం మెదడు ముందువైపు ధమనుల మీది జెయింట్ బుడగలు ఐదేళ్ళలో పగిలే అవకాశం 40 శాతం, వెనుకవైపైతే 50 శాతం. కపాలం అడుగున కావర్నస్ సైనస్ అనేచోట ఉన్నవాటికి 6.4 శాతమే. కనుక ‘‘ఎంత ఉంది?’’ అన్నాక ‘‘ఎక్కడుంది?’’ అని తప్పక అడగాలి.

1937లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో వాల్టర్ డాండీ ఎన్యూరిజం మెడకు వెండి క్లిప్పు బిగించి రోగిని బతికించాడు. జెయింట్ బుడగకు మెడ వెడల్పు, లోపల నెత్తురు గడ్డలు. క్లిప్పుకు పట్టు దొరకడం కష్టం. కెనడా సర్జన్ చార్లెస్ డ్రేక్ ఇలాంటి 174 మంది రోగుల అనుభవాన్ని 1979లో ప్రకటించాడు. కొందరికి ధమనినే మూసి, నెత్తురుకు వేరే నాళంతో దారి కలుపుతారు. 1990లో వాడుకలోకి వచ్చిన ప్లాటినం కాయిల్స్‌ను తొడ ధమనిలోంచి సన్నగొట్టం పంపి బుడగలో నింపుతారు. పెద్ద బుడగల్లో అవి కాలక్రమాన అణగిపోయి, మళ్ళీ దారి తెరుచుకోవడం మామూలే.

2011లో అమెరికా అనుమతించిన ‘పైప్‌లైన్’ అనే సాధనం తీరు వేరు. బుడగను ముట్టుకోదు. సన్నని తీగల జాలీగొట్టాన్ని ధమనిలో, బుడగ మెడకు అడ్డంగా పరుస్తారు. బుడగలోకి పోయే ప్రవాహం మందగించి, లోపల నెత్తురు నెలల తరబడి గడ్డకడుతుంది. జాలీ మీద ధమని లోపలి పొర పెరుగుతుంది. కెరోటిడ్ ధమని మీది పెద్ద బుడగలున్న 108 మందికి దీన్ని అమర్చిన పరిశీలనలో, ఆరు నెలలకు దాదాపు 74 శాతం బుడగలు పూర్తిగా మూసుకున్నాయి. ఐదేళ్ళకు పరీక్షకు వచ్చినవారిలో అది 95 శాతం. తీవ్రమైన పక్షవాతం లేదా మెదడు సంబంధమైన మరణం 5.6 శాతం. ఆ బుడగలన్నీ జెయింట్‌వి కావు, అన్నీ ముందువైపు ధమని మీదివే. వెనుకవైపు జెయింట్ బుడగలకు ఫలితాలు ఇంత బాగుండవు. బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్ళినా, వేలూరు సి.ఎం.సి.కి వెళ్ళినా, ‘‘మా కేసుకు ఈ శాతం వర్తిస్తుందా?’’ అని నిర్మొహమాటంగా అడగండి.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. తర్వాత నెలల తరబడి మింగాల్సిన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలకు అయ్యేది దానిముందు చిల్లర. వాటిని మధ్యలో మానేస్తే మాత్రం జాలీలో నెత్తురు గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. పన్ను పీకడానికి దంతవైద్యుడు ఆపమన్నా సరే, జాలీ అమర్చిన డాక్టరుకు ముందు ఫోను చేయాలి.